ఖాళీ సంవత్సరం కాదు

మా కళాశాలలో నా దగ్గర బి.ఏ. చదివి, ఆ తర్వాత తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన ఒక అమ్మాయి మొన్న వేసవిలో నన్ను చూడటానికి వచ్చింది. చేనేత కుటుంబం. ఎం.ఏ. అయినాక ఏడాదిపాటు ఇంటిపట్టునే ఉండవలసి వచ్చింది. ఇప్పుడు భాషాశాస్త్రం చదవాలని కోరిక. "ఆ ఏడాది ఏం చేశావని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి సార్? కండెలు చుట్టానని చెప్పనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబుకోసం మన భాషాశాస్త్ర చరిత్రను మళ్ళీ తిరగవేశాను. ఆ చరిత్రను విశ్వవిద్యాలయాల చరిత్రగానే ఇన్నాళ్ళూ పాఠం చెప్పాను. అది సగం నిజం మాత్రమేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

తెలుగు సంస్కృత ప్రాకృతాలనుంచి పుట్టిందన్న మాటను మన పండితులు చాలాకాలం ప్రమాణంగా పట్టుకున్నారు. 1816లో వెలువడిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ మాటను ఖండించాడు. తెలుగు, తమిళ, కన్నడ భాషల ధాతువులను పక్కపక్కన పెట్టి, వాటి మూలం ఒకటేనని వాదించాడు. కాల్డ్వెల్ గ్రంథం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్ళు ఉంది. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి, అంటే చివరికి పరిపాలనకూ శిస్తు వసూళ్ళకూ పనికివచ్చేటందుకు, మద్రాసులో పెట్టిన కళాశాల ఈ పరిశోధనకు నెలవు. ఈ సంగతి మరవకూడదు. అయితే ఎల్లిస్ ఒంటరిగా చేసిన పని కాదిది. ఆ కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఆయనకు ఆధారం. 'ఆంధ్రదీపిక' నిఘంటుకర్త మామిడి వెంకయ్య మాటలను కూడా ఆయన ఉదహరించాడు. వెంకయ్య బందరు వర్తకుడు. తులనాత్మక ద్రావిడ అధ్యయనం మొదటి పుటల్లోనే ఒక అంగడి మనిషి ఉన్నాడన్నమాట.

తర్వాత గిడుగు రామమూర్తిపంతులుగారు (1863-1940). పర్లాకిమిడిలో బడిపంతులు. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు భాషాశాస్త్రం నేర్పలేదు. ఆ ప్రాంతపు కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకుంటే, తెలుగు తెలిసిన సవర మనిషిని దగ్గర పెట్టుకుని మాట మాటా విని రాసుకోవలసి వచ్చింది. అది ద్రావిడ భాష కూడా కాదు, ముండా కుటుంబానిది. ఆ కృషి దశాబ్దాలపాటు సాగింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. వ్యావహారిక భాషోద్యమాన్ని సవర అధ్యయనంనుంచి విడదీసి చూడటం మనకు అలవాటు. అది పొరపాటని నా అభిప్రాయం. లిపిలేని భాషకు కూడా కట్టుదిట్టమైన వ్యాకరణం ఉందని చెవితో విని తెలుసుకున్న మనిషి, నోటితో మాట్లాడే తెలుగు భ్రష్టమంటే ఎలా ఒప్పుకుంటాడు?

ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. గిడుగు పేరు మనకందరికీ తెలుసు. ఆయనకు సవర నేర్పినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? శాస్త్రానికి మాటలిచ్చినవారిని మరిచిపోయి, మాటలు రాసుకున్నవారినే తలచుకోవడం కూడా ఒక వర్గదృష్టే.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928-2012) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆనర్సు చదివి, అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంనుంచి 1957లో డాక్టరేటు పొందారు. తెలుగు ధాతువులమీద ఆ పరిశోధన 1961లో పుస్తకంగా వచ్చింది. 1962లో ఉస్మానియాలో ఆయన భాషాశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ ఏడే ఆయన సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ప్రచురించింది. రెండో సంపుటం 1971లో వచ్చింది. అది చేనేత పదకోశం. తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని ఈనాడు పాఠాల్లో చెప్పుకుంటున్నాం. ఆ సరిహద్దులు గీయడానికి పనికివచ్చినవి కావ్యాలు కావు. రైతు నాగలి భాగాలను ఏ ఊళ్ళో ఏమని పిలుస్తాడో ఆ మాటలే పనికివచ్చాయి. 1975లో 'తెలుగు వాక్యం' రాసిన చేకూరి రామారావుగారు కూడా తెలుగు సాహిత్యంనుంచి ఈ శాస్త్రానికి వచ్చినవారే.

ఇదంతా చెప్పి, "నీ ఏడాది వృథా పోలేదమ్మా" అని ఓదార్చి పంపేస్తే అది మోసమవుతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడు ఏడాది ఆగాడంటే శిక్షణ కేంద్రంలో కూర్చుని పరీక్షకు తయారవుతాడు. లేని ఇంటి పిల్ల ఆగిందంటే అప్పు తీర్చడానికి ఆగుతుంది. ఈ రెండు ఏళ్ళూ ఒకటి కావు. పేదరికం ఎవరినీ దానంతటదే శాస్త్రవేత్తను చెయ్యదు. మగ్గం పక్కన పుట్టినంత మాత్రాన ధ్వనులను వర్ణించడం, పదాలను విడదీయడం రావు. అవి నేర్చుకోవలసినవే.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అమ్మాయికి మూడేళ్ళు పాఠం చెప్పాను. తత్సమ తద్భవ దేశ్యాలకు పాత నోట్సులోని ఉదాహరణలే చెప్పాను. పడుగు, పేక, నాడె, ఆసు వంటి మాటలు రోజూ వినే పిల్ల మొదటి వరుసలో కూర్చుని ఉంటే, ఒక్కనాడూ లేపి అడగలేదు. ఆ ఏడాదికి ఆమె సిగ్గుపడుతున్నదంటే, ఆ సిగ్గు నేర్పినవారిలో నేనూ ఉన్నాను.

ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి వేసుకున్నాం. ప్రవేశ పరీక్షకు చదువు ఎలాగూ తప్పదు. ధ్వనులను రాసే అంతర్జాతీయ లిపి నేర్చుకోవాలి. అంతర్జాలంలో అది ఉచితంగా దొరుకుతుంది. 'తెలుగు వాక్యం' పూర్తిగా చదవాలి. 1971నాటి చేనేత పదకోశం ఎదురుగా పెట్టుకుని, అందులోని మాటల్లో ఏవి ఇంకా తమ వీధిలో బతికి ఉన్నాయో, ఏవి మగ్గాలతోపాటే పోయాయో వాళ్ళ నాయనమ్మను అడిగి రాసుకోవాలి. ఎవరు చెప్పిన మాట దగ్గర వారి పేరు, వయసు, ఊరు వారి అనుమతితోనే రాయాలి. ఈ నిబంధన ఆమే పెట్టింది.

ఇంటర్వ్యూలో అడిగితే కండెలు చుట్టానని చెప్పమన్నాను. ఆ తర్వాత నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టమన్నాను.