బళ్లారి గడ్డపై తెలుగు గ్రంథ సంపద

పుస్తకం హస్తభూషణమని పెద్దలు చెప్పారు. భూషణం పెట్టెలో ఉన్నంతకాలం దాని వన్నె ఎవరికీ తెలియదు. బీరువాలో తాళం వేసి ఉంచిన గ్రంథం సంగతీ అంతే.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిన నాడే నాటి బళ్లారి జిల్లా విభజన పొందింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలువగా, బళ్లారి పట్టణంతో సహా మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. హద్దులు మారినా ఇళ్లలోని మాట మారలేదు. అయితే మాట నిలిచినంత సులభంగా అక్షరం నిలువదు. ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు పుస్తకం చదువలేని బిడ్డకు, ఈ గడ్డపై తాతముత్తాతలు కూడబెట్టిన ఆస్తి అందకుండానే పోతుంది. ఆ ఆస్తి ఎంతటిదో ప్రక్రియలవారీగా తెలుసుకొనడం విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవసరం.

మొదట కావ్యం. తెలుగు సాహిత్యంలో స్వర్ణయుగమని పేరొందిన శ్రీకృష్ణదేవరాయల కాలానికి (1509-1529) వేదిక హంపీ విజయనగరం. 2021లో విజయనగర జిల్లా ఏర్పడే వరకు హంపి బళ్లారి జిల్లాలోనిదే. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'ను రాయలకే అంకితమిచ్చాడు. పాదలేపంతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, మంచుకు ఆ లేపం కరిగిపోగా ఇల్లు చేరలేక పడిన ఆవేదనను ఎనిమిదవ తరగతి బాలుడైనా అర్థం చేసుకోగలడు. రాయలు స్వయంగా రచించిన 'ఆముక్తమాల్యద' కొంత కఠినమైనదే. ఐనా అందులోని ఋతువర్ణనలను గురువు ప్రక్కన కూర్చుని చదివితే, చక్రవర్తి సామాన్యుని ఇంటిని ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది.

రెండవది నాటకం. ఈ రంగంలో బళ్లారి స్థానం అద్వితీయమనడం అతిశయోక్తి కాదు. ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరం కృష్ణమాచార్యులు (1853-1912), చారిత్రక నాటకాలకు పెట్టింది పేరైన కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) ఇరువురూ ఇక్కడ న్యాయవాదులు. ఆచార్యులవారు సరస వినోదినీ సభను, శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపారు. ఒకరు పురాణాలవైపు, మరొకరు చరిత్రవైపు మొగ్గు చూపడంతో పట్టణానికి రెండు విధాల నాటకమూ దక్కింది. ఆచార్యులవారి 'చిత్రనళీయం' ప్రదర్శనకు పేరుపొందింది. 'విషాద సారంగధర' విషాదాంతం. మంగళాంతమే నాటకానికి నియమమనుకొనే రోజులలో ఆ రచనకు పూనుకొనడం సాహసమే. శ్రీనివాసరావుగారి 'రామరాజు చరిత్ర' విజయనగర పతనానికి సంబంధించినది. ఆయన ప్రపంచ నాటక చరిత్రను ఆంగ్లంలో వ్రాసి 1908లో ప్రకటించారు. కృష్ణమాచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) ఇరువురి నాటకాలలోనూ నటించి, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టారు. ఈ నాటకాలు చూడడానికే కాదు, పాత్రలు పంచుకొని బిగ్గరగా చదువుకొనడానికీ పనికివస్తాయి. తరగతి గదికి ఇంతకన్న మంచి వాచకం దొరకదు.

మూడవది విమర్శ. వేమన పద్యాలు రాని తెలుగువాడు ఉండడు. వాటిని సేకరించి 1829లో అచ్చొత్తించిన సి.పి. బ్రౌను దత్తమండలాలలో పనిచేసిన అధికారి. ఆ వేమనను నిశితంగా పరిశీలించినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979). అనంతపురం సీమలో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించిన ఆ మహనీయుని ఉపన్యాసాలే 'వేమన' గ్రంథం. కన్నడ దేశంలో ఉంటూ తెలుగుకు సేవ చేయవచ్చుననడానికి ఆయన జీవితమే నిదర్శనం.

నాల్గవది చరిత్ర. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి తెలుగు గ్రంథం (1955) ఇదే. రాజుల యుద్ధాలకన్న ప్రజల తిండి, బట్ట, ఆటలు, ఆచారాలు ఇందులో ప్రధానం. కావ్యాలనే సాక్ష్యంగా నిలిపిన పద్ధతి గమనింపదగినది. పైన పేర్కొన్న కావ్యాలు చదివిన తరువాత ఇది చదివితే రెండింతల ప్రయోజనం కలుగుతుంది.

కవిత్వంలో విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956) ప్రతి ఇంటా ఉండవలసినది. నీరింకిన పెన్న ఒడ్డున పేదకుటుంబం పడే పాట్లు కరవు ఎరిగిన మన ప్రాంతానికి కొత్తవి కావు. కథలలో సింగమనేని నారాయణ సంకలించిన 'సీమకథలు', నవలలలో 2019లో అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' ఇంటిమాటకు సాహిత్యంలో ఉన్న స్థానాన్ని చూపుతాయి. తమ యాస అచ్చులో కనిపించినప్పుడు బాలలకు చదువుపై మమకారం పెరుగుతుంది.

తెలుగును చదవమంటే కన్నడాన్ని విడువమని అర్థం కాదు. పాల్కురికి సోమనాథుని తెలుగు 'బసవపురాణం'ను భీమకవి 1369లో కన్నడంలోనికి తెచ్చాడు. కన్నడ దేశపు బసవేశ్వరుని కథ తెలుగులో పురాణమై, తిరిగి కన్నడానికి చేరింది. ఆరు శతాబ్దాల క్రిందటే ఈ రెండు భాషలు ఇచ్చిపుచ్చుకొన్నాయి. రెండు భాషలు చదువగల సరిహద్దు బాలుడు వెనుకబడినవాడు కాడు. రెండు బీరువాల తాళపుచెవులు చేతనున్నవాడు.

ఈ గ్రంథాలన్నీ ఒక్కనాడు చదివి ముగించేవి కావు. రాత్రి భోజనమైన పిదప పావుగంట ఇంటిల్లిపాదీ కూర్చుని, ఒకరు చదువగా తక్కినవారు వింటే చాలు. అక్షరం రాని అవ్వకైనా ఆ చదువు అందుతుంది. అవ్వ చెప్పే కథ తిరిగి మనుమనికి అందుతుంది. పూర్వ విద్యార్థులు పాఠశాలకు కానుక ఇవ్వదలచినపుడు పై పుస్తకాలలో ఒకటి చదివి, చదివిన ప్రతినే ఇస్తే అది మరింత విలువైన కానుక. డెబ్బదియైదేండ్ల విద్యాలయానికి వజ్రవైడూర్యాలకన్న అంచులు నలిగిన పుస్తకాలే శోభ.