జాబు ఎవరి ఇంట నున్నది?

(ప్రసంగ పాఠము)

ఉత్తరము వ్రాయుటకు ఎంత చరిత్ర కలదో, వచ్చిన ఉత్తరమును దాచుకొనుటకును అంత చరిత్ర కలదు. మన ఇండ్లలో వెనుకటి వారు వంచిన ఇనుప తీగకు కార్డులను, కవరులను వరుసగా గ్రుచ్చి గోడకు తగిలించెడివారు. పెండ్లి కుదిరిన జాబు, పొలము తగవును గూర్చిన జాబు, దూరదేశమున నున్న కుమారుని జాబు, అన్నియు ఆ తీగకే యుండెడివి. వానిని తెచ్చి యిచ్చిన తపాలా శాఖకు ఆ పిమ్మట వానితో సంబంధము లేదు. జాబు చేరినదనగా అది మన సొత్తైనదని అర్థము.

ఈ-మెయిలు వచ్చిన పిదప ఈ అర్థము మారినది. నేడు మనలో పెక్కుమంది చదువుకొనుచున్న జాబు మన యింట లేదు. ఏదో కంపెనీవారి భవనములో, వారి యంత్రములో నున్నది. మనము బ్రౌజరు తెరచి, పాస్‌వర్డు చెప్పి, వారి పుటలో దానిని చూచి వచ్చుచున్నాము. ఈ పద్ధతికి వెబ్‌మెయిలని పేరు. ఆ జాబులను మన కంప్యూటరులోనికి తెచ్చుకొను సాధనములును లేకపోలేదు. ఆ సాధనములు ఎట్లు పుట్టినవో, వాని ద్వారములు ఎట్లు మూయబడి మరల తెరువబడినవో తెలిసికొన్నచో, వానిని వాడుకొను విధము సులభముగా బోధపడును.

కంప్యూటరు జాబు పుట్టిన తొలిదినములలో పంపువానికిని అందుకొనువానికిని యంత్రమొక్కటే. 1965లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అను ఇరువురు, పలువురు పంచుకొని వాడు పెద్ద కంప్యూటరుపై ఒకరు మఱియొకరికి సందేశము విడిచిపోవు ఏర్పాటు చేసిరి. 1971లో, ఆ విద్యాసంస్థ యున్న కేంబ్రిడ్జి నగరముననే, బి.బి.ఎన్. అను సంస్థలో పనిచేయుచున్న రే టాంలిన్సన్ ఒక కంప్యూటరు నుండి వేఱొక కంప్యూటరునకు జాబు పంపెను. ఆ రెండును ఒకే గదిలో ప్రక్కప్రక్కన నున్నవే. కాని జాబు మాత్రము ఆర్పానెట్ అను వలలో తిరిగి వచ్చినది. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము వ్రాయు ఎట్ గుర్తును పెట్టినది ఆయనయే.

1982లో జొనాథన్ పోస్టెల్ జాబులు యంత్రము నుండి యంత్రమునకు సాగు నియమములను రచించెను. ఎస్.ఎం.టి.పి. అను ఆ నియమముల మీదనే నేటికిని ప్రపంచపు ఈ-మెయిలు నడచుచున్నది. ఇందులో ఒక చిక్కు కలదు. అందుకొను యంత్రము ఇంచుమించు ఎల్లవేళల మేలుకొని యుండవలెను. అది నిద్రించుచున్నచో, పంపిన యంత్రము మరల మరల తలుపు తట్టి, తుదకు జాబును త్రిప్పి పంపివేయును. విశ్వవిద్యాలయములలోని పెద్ద యంత్రములు రాత్రింబవళ్లు పనిచేయుచుండెను గనుక వానికి బాధ లేకపోయినది. కాని 1980 తరువాత మేజాబల్ల మీది చిన్న కంప్యూటరులు వచ్చినవి. వాని యజమానులు పని ముగియగానే మీట నొక్కి ఆర్పివేయుదురు. అట్టి యంత్రమునకు జాబు ఎట్లు చేరవలెను?

ఈ ప్రశ్నకు 1984 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో పనిచేయుచున్న జాయిస్ రేనాల్డ్స్ అను విదుషీమణి కొలది పుటల పత్రములో సమాధానము వ్రాసెను. దాని పేరునకు తపాలా కార్యాలయపు మర్యాద యని అర్థము. పొడి అక్షరములలో పాప్ అందురు. పల్లెలో టపా మనిషి రాని దినమున మనమే పోస్టాఫీసునకు పోయి, పేరు చెప్పి, జాబులు తెచ్చుకొందుము గదా! ఇదియు అట్టిదే. ఎల్లప్పుడు మేలుకొని యుండు సర్వరు మన జాబులను పుచ్చుకొని దాచును. మన చిన్న యంత్రము తనకు వీలైనప్పుడు పోయి వానిని అడిగి తెచ్చుకొనును. 1985లో దీనికి రెండవ రూపము, 1988లో మార్షల్ రోజ్ రచించిన మూడవ రూపము వచ్చినవి. ఈ మూడవ రూపమే 1996లో మరల సంస్కరింపబడి నేటికిని వాడుకలో నున్నది.

ఈ మర్యాదలోని సంభాషణ మిక్కిలి పొదుపైనది. ఇంటి యంత్రము పేరును, పాస్‌వర్డును చెప్పును. ఎన్ని జాబులున్నవని అడుగును. ఒక్కొక్కటి యిమ్మని కోరును. అందుకొన్న జాబును అచ్చట తీసివేయవచ్చునని చెప్పును. తుదకు సెలవు పుచ్చుకొనును. తీసివేయుమన్న జాబులను సర్వరు వెంటనే తీసివేయదు. గుర్తు పెట్టి యుంచి, సెలవు మాట విన్న పిమ్మటనే తొలగించును. నడుమ టెలిఫోను తీగ తెగిపోయినచో ఒక్క జాబును పోదు. తీగలను నమ్మని కాలమున ఇంతకంటె మేలైన జాగ్రత్త యేమున్నది?

1988లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున స్టీవ్ డోర్నర్ అను ప్రోగ్రామరు యూడోరా యను జాబుల ప్రోగ్రాము వ్రాసెను. అమెరికా రచయిత్రి యూడోరా వెల్టీ 1941లో ప్రచురించిన కథ యొకటి కలదు. తాను పోస్టాఫీసులో కాపురమెందుకు పెట్టినదో ఒక స్త్రీ అందులో చెప్పుకొనును. జాబుల పనిలోనే దినమంతయు గడపుచున్న డోర్నరునకు ఆ కథ తన కథయే యనిపించి ఆ పేరు పెట్టెను. సామాన్యులు పాప్ ద్వారా జాబులను తెచ్చుకొనుట నేర్చినది చాలవఱకు ఇట్టి ప్రోగ్రాముల వలననే.

దీనికి భిన్నమైన ఆలోచనయు ఆ కాలముననే కలిగినది. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ అను మర్యాదను కల్పించెను. జాబులు సర్వరులోనే యుండవలెను. ఏ యంత్రము నుండి చూచినను ఒకే పెట్టె కనబడవలెను. ఒకచోట చదివినది వేఱొకచోట చదివినట్లు తెలియవలెను. ఇది దాని తత్త్వము. ఇంటను, కచేరిలోను వేర్వేరు కంప్యూటరులున్న వారికి ఇది వరమే. కాని జాబునకు స్వస్థలము సర్వరే యనుమాట ఇందులో ఇమిడి యున్నది. పాప్ మతమున జాబునకు స్వస్థలము మన యిల్లు. ఆ పిమ్మట జరిగిన చరిత్రయంతయు ఈ రెండు మతముల నడుమ నడచినదే.

మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయము ప్రారంభించినది. నాడు టెలిఫోను మీదనే సంబంధము. లైను కలిసి యున్నంతసేపు ఖర్చు పెరుగుచుండెను. పాప్ పద్ధతి అట్టి గృహస్థునకు తగినది. లైను కలుపుట, జాబులు దింపుకొనుట, లైను తెంచి తీరికగా చదువుకొనుట, ప్రత్యుత్తరములు వ్రాసి యుంచి మరల లైను కలిపినప్పుడు పంపుట.

మరుసటి సంవత్సరము 1996 జూలై 4న అమెరికాలో హాట్‌మెయిల్ వెలసినది. రెండును స్వాతంత్ర్య దినములే. భారతదేశమున పుట్టి అమెరికాలో చదివిన సబీర్ భాటియాయును, జాక్ స్మిత్ అను మిత్రుడును దీనిని స్థాపించిరి. సొంత కంప్యూటరు లేనివాడును, ఏ బ్రౌజరు దొరికిన నక్కడనే కూర్చుండి, ఉచితముగా జాబులు చూచుకొనవచ్చును. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్టు సంస్థ దీనిని కొనినది. ఆ సంవత్సరముననే యాహూ సంస్థయు తన మెయిలును ఆరంభించినది.

వెబ్‌మెయిలు మనకు చేసిన మేలును తక్కువగా చెప్పరాదు. కొడుకో కూతురో అమెరికాలో నున్న తెలుగు తల్లిదండ్రులు వీధి మొగనున్న నెట్ సెంటరునకు పోయి గంట లెక్కన రుసుము చెల్లించి జాబులు చదువుకొనిరి. తొలినాటి ఈ-మెయిలు ఇంగ్లీషు అక్షరములకు మాత్రమే చాలినది. 1992లో నతానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనువారు మైమ్ అను నియమములను రచించి ఇతర లిపులకును, చిత్రములకును దారి చూపిరి. అయినను సామాన్య కంప్యూటరులలో తెలుగు లిపి స్థిరపడుటకు ఏండ్లు పట్టినది. ఆ నడిమి కాలమున మనవారు ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు మాటలు వ్రాసుకొనిరి. మనుమరాలు పుట్టినదన్న వార్తయు, తండ్రి ఆరోగ్యమును గూర్చిన విచారమును ఆ వింత వ్రాతలోనే సముద్రములు దాటినవి. ఒక తరము కుటుంబ చరిత్ర అట్టి జాబులలో నున్నది. వానిలో ఎన్ని మిగిలినవో ఎవరి పెట్టెలో వారు చూచుకొనవలసినదే.

ఏలయన, వెబ్‌మెయిలు పెట్టెలు తొలుత మిక్కిలి చిన్నవి. 2004 నాటికిని హాట్‌మెయిల్ ఉచిత పెట్టె 2 మెగాబైట్లు, యాహూ పెట్టె 4 మెగాబైట్లు మాత్రమే. నిండినచో పాతవానిని చెరిపివేయవలెను. ఇంటికి తెచ్చుకొందమన్నచో ద్వారము లేదు. ఉచిత సేవకు ఆదాయము పుటల మీది ప్రకటనల వలన వచ్చును. జాబును పాప్ ద్వారా ఇంటికి తెచ్చుకొనువాడు ఆ ప్రకటనలను చూడడు. అందుచేత 2002లో యాహూ సంస్థ పాప్ సదుపాయమునకు రుసుము విధించినది. హాట్‌మెయిల్ తన జాబులను మైక్రోసాఫ్టు వారి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వంటి ప్రోగ్రాములకు మాత్రము వేఱొక మర్యాదతో అందించుచుండెను. 2004లో క్రొత్తవారికి దానికిని వెల కట్టినది.

ఇచ్చట కొందఱు ప్రోగ్రామర్లు చమత్కారమైన ఉపాయము పన్నిరి. యాహూపాప్స్, ఫ్రీపాప్స్ అను చిన్న ప్రోగ్రాములు అట్లు పుట్టినవే. ఇవి దుబాసీల వంటివి. మన కంప్యూటరులోనే కూర్చుండి, జాబుల ప్రోగ్రామునకు తామే పోస్టాఫీసుమని చెప్పుకొనును. వెబ్‌మెయిలు సంస్థకు తాము బ్రౌజరు ముందు కూర్చున్న పాఠకులమని తోపింపజేయును. జాబుల ప్రోగ్రాములో సర్వరు చిరునామా వ్రాయవలసిన చోట 127.0.0.1 అని, అనగా ఈ యంత్రమే యని, వ్రాసిన చాలును. థండర్‌బర్డ్ ప్రోగ్రామునకును ఇట్టి తోడు సాధనము వచ్చినది. అయితే సంస్థవారు పుట యొక్క రూపమును మార్చిన దినమున దుబాసికి భాష తెలియక నిలిచిపోవును. ప్రోగ్రామర్లు దానికి మరల భాష నేర్పుదురు. ఇట్లు కొన్ని యేండ్లు సాగినది.

2004 ఏప్రిల్ 1న గూగుల్ సంస్థ జీమెయిల్‌ను ప్రకటించినది. దాని పెట్టె 1 గిగాబైటు. హాట్‌మెయిల్ పెట్టెకు ఇంచుమించు ఐదువందల రెట్లు. ఆ నవంబరులోనే వెల లేకుండ పాప్ ద్వారమును, 2007లో ఐమ్యాప్ ద్వారమును తెరచినది. 2009లో హాట్‌మెయిల్ కూడ పాప్ ద్వారమును ఎల్లరకు తెరచినది. ద్వారములు తెరచుకొనిన సమయముననే వానిని దాటి జాబులు తెచ్చుకొనువారు తగ్గిరి. అంత పెద్ద పెట్టె యుండగా తెచ్చుకొను శ్రమ యెందుకని తోచుట సహజమే.

కాని పెద్ద పెట్టెయు పరుల పెట్టెయే. 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక లోపము వలన కొందఱికి తమ పెట్టెలు శూన్యముగా కనబడినవి. వారు మొత్తములో 0.02 శాతము మాత్రమే. గూగుల్ సంస్థ వేఱుగా దాచి యుంచిన టేపుల నుండి ఆ జాబులను తిరిగి తెచ్చియిచ్చినది. అంతటి సంస్థయు యంత్రములకు దూరముగా మఱియొక ప్రతిని ఉంచుకొన్నందువలననే గట్టెక్కినదని మనము గ్రహింపవలెను. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగించు పద్ధతిని ఆ సంస్థ 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టినది. గతించిన పెద్దల పెట్టెలలోని జాబులను గూర్చి వారి వారసులు ఆలోచింపవలసిన విషయమిది.

ఇక జాబులను ఇంటికి తెచ్చుకొను విధము. థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రామును కంప్యూటరులో నెలకొల్పి, పేరును, ఈ-మెయిలు చిరునామాను వ్రాసినచో, ప్రసిద్ధ సంస్థల సర్వరు పేర్లను అది తానే కనుగొనును. మనమే వ్రాయవలసి వచ్చినచో, భద్రమైన పాప్ ద్వారపు సంఖ్య 995, ఐమ్యాప్ సంఖ్య 993, జాబులు పంపు ద్వారపు సంఖ్య 465 గాని 587 గాని. పాప్ ద్వారము తొలుత మూసి యున్న సేవలలో, వెబ్ పుటలోని సెట్టింగులకు పోయి దానిని తెరువవలెను. పూర్వము పాస్‌వర్డును ప్రోగ్రామునకు చెప్పిన చాలెడిది. 2022 నుండి గూగుల్, 2024 నుండి మైక్రోసాఫ్టు సామాన్యుల ఖాతాలకు ఆ పద్ధతిని మానివేసినవి. ఇప్పుడు ప్రోగ్రాము ఆ సంస్థ వాకిలిని తెరచి చూపును. మనము అచ్చట పాస్‌వర్డు చెప్పినచో, సంస్థ ప్రోగ్రామునకు ఒక అనుమతి చీటి నిచ్చును. పాస్‌వర్డు ప్రోగ్రాము చేతికి పోదు.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. పాప్ పద్ధతిలో, జాబు ప్రతిని సర్వరులో ఉంచుమను గడిని గుర్తింపవలెను. లేనిచో ఇంటికి వచ్చిన ప్రతియే ఏకైక ప్రతి యగును, డిస్కు చెడినచో అదియు పోవును. ఐమ్యాప్ పద్ధతిలో ఇంటి పెట్టె సర్వరు పెట్టెకు నీడ వంటిది. అచ్చట చెరిగినది ఇచ్చటను చెరిగిపోవును. కావున దాచదలచిన జాబులను ప్రోగ్రాములోని స్థానిక ఫోల్డరులలోనికి నకలు చేయవలెను. థండర్‌బర్డ్ వానిని సాధారణముగా ఎంబాక్స్ అను పాత పద్ధతిలో సాదా ఫైలుగా వ్రాయును. ఈ ప్రోగ్రాము మాసిపోయినను వేఱొకటి ఆ ఫైలును చదువగలదు. ఆ ఫైలును మఱియొక డిస్కు మీదికి ఎత్తి బీరువాలో పెట్టినచో పని పూర్తియైనట్లే.

జాయిస్ రేనాల్డ్స్ కొలది పుటలలో ఏర్పఱచిన ఆ మర్యాద నలువది యేండ్లు గడచినను నిలిచియున్నది. గృహస్థుడు ఒక ఆదివారము సాయంకాలము వెచ్చించినచో, పదియేండ్ల జాబులు అతని యింటికి వచ్చును. పోస్టాఫీసు మూసిన పిమ్మట అడుగుట కంటె, తెరచి యున్నప్పుడే పోయి తెచ్చుకొనుట మేలు.