కుంచం నుంచి గిద్దకి

కోనసీమలో వంట మాట ఎత్తితే ముందు వచ్చే పేరు డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటికి ఏ వేళలో ఎవరొచ్చినా, కులం అడక్కుండా అన్నం పెట్టేవారు. ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరి, దారిలో ఎదురైనవాళ్ళు "సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది" అని ఆకలేసిన పిల్లల్ని ఊరుకోబెట్టడం విని, దైవదర్శనం మానుకుని వెనక్కి తిరిగారని చెబుతారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలిచినా వెళ్ళలేదనీ చెబుతారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ దాటించే కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే.

ఇన్ని కథలు విన్నాక కూడా ఒక సంగతి నాకు ఎక్కడా దొరకలేదు. సీతమ్మగారికి ఏం కూర ఇష్టం? అందరూ తిని వెళ్ళాక, ఆ పొయ్యి దగ్గర ఆవిడ తనకోసం ఏం చేసుకునేవారు?

తెలుగులో వండడం వేరు, వండుకోవడం వేరు. వండడానికి మనకి చాలా చరిత్ర ఉంది. వండుకోవడానికి ఉన్న చరిత్ర తక్కువ, ఉన్నదీ సమంగా లేదు.

మగవాడు తనకోసం వండుకుంటే దానికి గౌరవమైన పేరుంది: స్వయంపాకం. పరాయి చేతి వంట ముట్టని శ్రోత్రియుడు ఊళ్ళు తిరిగేటప్పుడు బియ్యం, పప్పు, నెయ్యి తీసుకుని తనే వండుకునేవాడు. అలా ఇచ్చే సంభారానికీ స్వయంపాకం అనే పేరు. కోనసీమ అగ్రహారాల్లో ఇప్పటికీ ఇస్తారు. అక్కడ ఒంటరి వంట ఒక నిష్ఠ.

అదే ఇళ్ళల్లో ఆడది ఒక్కతే వండుకుంటోందంటే, చాలాసార్లు ఆవిడ విధవ అని అర్థం. ఒంటిపూట భోజనం, ఉల్లి వెల్లుల్లి నిషేధం, రాత్రికి ఏదో ఫలహారం. ఆవిడ నాలుక మీద కూడా శాస్త్రం కాపలా. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఊరు ఆయన్ని కొట్టింది కూడా వంటింటి మీదే. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేస్తే, భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలు మోసుకొచ్చి తనే వండారు.

ఇది అగ్రహారాల సంగతి. పొలాల్లో ఊడ్పులు ఊడ్చి వచ్చిన ఆడవాళ్ళకి శాస్త్రం అడ్డం కాదు, గిన్నె అడుగు అడ్డం. అందరికీ పెట్టాక మిగిలిందే వాళ్ళ వాటా. కారణాలు వేరైనా ఫలితం ఒకటే. "నాకు ఇది ఇష్టం" అని పొయ్యి వెలిగించుకున్న ఆడమనిషి మన చరిత్రలో కనబడదు.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలతో డెల్టాకి వరి, వరితో డబ్బు, డబ్బుతో చదువులు వచ్చాయి. ఆ చదువులే తరవాత పిల్లల్ని ఊరు దాటించాయి. మా తరంలో సగం మంది హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో తేలాం. చదువు అందని ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్‌, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్ళారు. అక్కడ ఎవరి పిల్లలకో వండుతూ, ఇక్కడ తమ పిల్లల్ని అమ్మమ్మలకి వదిలి. వాళ్ళకింకా వండుకోవడం దాకా రాలేదన్నది మర్చిపోకూడదు.

ఇక ఊళ్ళో మిగిలిన అమ్మలు. మా అమ్మ కొత్తపేట దగ్గర ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి, చెల్లి పెళ్ళై వెళ్ళాక మొదటి ఏడాదంతా ఆవిడ మాట ఒకటే: "ఒక్కదానికీ ఏం చేసుకుంటాంలే." పొద్దున్న వండిన పప్పే రాత్రికి. ఊళ్ళోవాళ్ళు జాలిగా "పాపం, ఒక్కతే వండుకు తింటోంది" అనేవాళ్ళు. చూడండి, వండుకోవడం అన్న మాటలోకే జాలి ఎలా దూరిపోయిందో.

నిజానికి అదేమంత తేలిక కూడా కాదు. కుంచాలతో వండిన చేతికి గిద్దతో వండడం రాదు. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సిస్టమ్‌ని చిన్నది చెయ్యడం ఎంత తలనొప్పో మాకు తెలుసు. గుప్పెడు కందిపప్పు కుక్కర్ అడుక్కి అంటుకుపోతుంది. ఒక్క ఎండుమిరపకాయ పోపు కళ్ళు మూసి తెరిచేలోగా మాడుతుంది. కొబ్బరికాయ కొడితే ఒక చిప్ప పచ్చడికి, రెండోది ఫ్రిజ్‌లోకి.

కానీ కోనసీమ వంటల్లో ఒంటరివాళ్ళకి కుదిరేవీ ఉన్నాయి. దిబ్బరొట్టెనే తీసుకోండి. చిన్న మూకుట్లో నూనె, రెండు గరిటెల మినప్పిండి, పైన మూత, సన్నని సెగ. పదిమందికి చెయ్యాలంటే నరకం, ఒక్కరికైతే సుఖం. అడుగు ఎర్రగా కరకరలాడేదాకా ఎదురుచూసే తీరిక ఇప్పుడు ఉంది. పనసపొట్టు కోసం కాయంతా కొనక్కర్లేదు, బజార్లో కొట్టి కావల్సినంత అమ్ముతారు. ఆవ ఎంత ఘాటుగా పెట్టాలన్నది ఇప్పుడు ఒక్క ముక్కే నిర్ణయిస్తుంది.

పోయిన ఏడాది ఒక రాత్రి వీడియో కాల్లో పొయ్యి మీద మూకుడు కనబడింది. "ఎవరొస్తున్నారమ్మా?" అన్నాను. "ఎవరూ రావట్లేదురా. నాకే పెట్టుకున్నాను" అంది. కంద బచ్చలి. మేమిద్దరం దురదని తినం కాబట్టి మా ఇంట్లో పాతికేళ్ళు వండని కూర. అది ఆవిడకి ఇష్టమని నాకు ముప్ఫై దాటాక తెలిసింది.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. పేరులాగే నాలుక కూడా మరుపుకొస్తుంది. ఎవరికి ఉప్పు తక్కువ, ఎవరికి కారం ఎక్కువ అన్న లెక్కలో తనది ఎక్కడో జారిపోతుంది. దాన్ని తిరిగి వెతుక్కోవడం చిన్న పనేం కాదు.

అలాగని ఒంటరితనానికి పూలదండ వెయ్యను. జ్వరం వచ్చిన రాత్రి గ్లాసుడు కాఫీ ఇచ్చేవాళ్ళు లేకపోవడం లేకపోవడమే. అది దిబ్బరొట్టెతో తీరదు. కానీ జాలి పడేవాళ్ళకి మిగతా రోజులు కనబడవు. నిష్ఠ కోసం కాదు, శిక్షగా కాదు, మిగిలింది కాబట్టీ కాదు, ఇష్టమై వండుకుంటున్న ఈ అరవై దాటిన ఆడవాళ్ళు గోదావరి ఒడ్డున ఇంతకుముందు లేని మనుషులు. అక్విడక్టులకి వాళ్ళ పేర్లు పెట్టరు.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" దగ్గర ఆగిపోకండి. "ఏం వండుకున్నావు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.