గడువు గడియారం ఎవరి చేతిలో ఉండాలి?

డేటాబేస్‌ను అడిగిన క్వెరీకి ఎంతసేపటికీ జవాబు రాకపోతే దాన్ని ఆపాల్సింది ఎవరు? ప్రోగ్రాం తరఫున అడిగిన డ్రైవరా, వెతుకుతున్న సర్వరా? క్వెరీ టైమౌట్ చరిత్ర చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దూరం వల్ల, ఆస్ట్రేలియా నుంచి చూస్తే దీని పదును బాగా తెలుస్తుంది. 1989 జూన్‌లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్జ్, హవాయిలో టోర్బెన్ నీల్సన్ కలిసి ఈ దేశాన్ని ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్‌కు కలిపినప్పుడు ఆ లింకు వేగం సెకనుకు 56 కిలోబిట్లు. 36 వేల కిలోమీటర్లు ఎక్కి దిగే సంకేతానికి రానూపోనూ దాదాపు అర సెకను పట్టేది. ఇప్పుడు సముద్రం అడుగున కేబుళ్లున్నాయి. అయినా సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ 12 వేల కిలోమీటర్లు; ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది కాబట్టి, రానూపోనూ 120 మిల్లీసెకన్లకు తగ్గడం అసాధ్యం. 2012 నవంబరులో అమెజాన్ సిడ్నీలో తన క్లౌడ్ కేంద్రం తెరిచేదాకా, ఆ క్లౌడ్ వాడిన ఆస్ట్రేలియా సంస్థల సర్వర్లు పరాయి దేశంలోనే ఉండేవి.

ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడే తీరును నిర్ణయించిన ప్రమాణాలు, 1992లో ఓడీబీసీ, 1997లో జావా కోసం జేడీబీసీ, గడువును సెకన్లలో చెప్పే వీలు కల్పించాయి; 0 అంటే గడువు లేనట్టే. అడగడం ఎలాగో చెప్పాయి గాని, ఆపే పనిని డ్రైవర్ రాసేవారికి వదిలేశాయి. ఆ పని ఎంత కష్టమంటే, పోస్ట్‌గ్రెస్ జేడీబీసీ డ్రైవర్‌లో గడువు పెట్టబోతే చాలా ఏళ్లు ‘ఇంకా అమలు కాలేదు’ అన్న ఎర్రరే వచ్చేది. పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీ నడుస్తున్న కనెక్షన్‌లోనే ‘ఆపు’ అని చెప్పే దారి లేదు. మరో కనెక్షన్ తెరిచి 16 బైట్లు పంపాలి: పొడవు, 80877102 అనే సంకేత సంఖ్య, ప్రాసెస్ నంబరు, రహస్య సంఖ్య. దీనికి జవాబు రాదు. ఇది సముద్రం దాటేలోగా అసలు క్వెరీ ముగిసి తర్వాతది మొదలైతే, వేటు ఏ పాపమూ ఎరగని ఆ రెండోదాని మీద పడుతుంది. మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవర్ కూడా మరో కనెక్షన్ తెరిచి కిల్ క్వెరీ ఆదేశం పంపింది. 2002లో పోస్ట్‌గ్రెస్ 7.3 స్టేట్‌మెంట్ టైమౌట్‌తో గడియారాన్ని సర్వర్‌లోనే పెట్టింది. మైఎస్‌క్యూఎల్ 5.7తో అదే బాట పట్టింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

డ్రైవర్ విసుగు చెంది కనెక్షన్ తెంచేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు. అటు సర్వర్ ఆ సంగతి తెలియక పని చేస్తూనే ఉండొచ్చు, పట్టుకున్న లాకులూ వదలకపోవచ్చు. సర్వర్ గడువు ఉంటే డ్రైవర్‌కు గడియారం ఎందుకన్న వాదన ఇంకొంచెం గట్టిది. కానీ కేబుల్ తెగితే సర్వర్ ఇచ్చిన తీర్పు ఇటు చేరదు. ఇక్కడి ప్రోగ్రాం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. నెలాఖరు రిపోర్టుల వంటి న్యాయమైన పెద్ద క్వెరీలకు గడువు అన్యాయం చేస్తుందన్న భయం నిజమైనదే. అందుకే అన్నిటికీ ఒకే గడువు రుద్దకుండా క్వెరీకి తగ్గ గడువు పెట్టాలి. డ్రైవర్ రాసే ఇంజనీర్లకు నా మనవి: ముందు సర్వర్ గడువు పెట్టండి, డ్రైవర్ గడియారాన్ని అంతకంటే కొన్ని సెకన్లు ఎక్కువకు తిప్పండి, ‘ఆపు’ కబురు సంగతి తేలేదాకా ఆ కనెక్షన్‌ను మరో క్వెరీకి ఇవ్వకండి.