బోర్డు నుంచి బహిరంగ విచారణ దాకా

కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డెక్కితే వచ్చే మడికొండలో, మెట్టుగుట్ట చుట్టుపక్కల, మూడు తరాల కరెంటు వాడకం పక్కపక్కనే కనిపిస్తుంది: బావుల కాడి మోటార్లు, టెక్స్‌టైల్ పార్కులో మరమగ్గాలు, 2020 జనవరిలో తెరుచుకున్న ఐటీ కేంద్రం. మోటారుకు బిల్లు లేదు. మగ్గానికి ప్రతి యూనిటూ లెక్కే. కంప్యూటరుకు క్షణం కూడా ఆగని సరఫరా కావాలి. వీటికి ధర ఎంతో, ఏ వేళకు ఎంత ఇవ్వాలో ఎవరు తేల్చాలి? వందేళ్లకు పైగా మన ప్రాంతం ఈ ప్రశ్నకు జవాబులు మార్చుకుంటూనే వస్తోంది.

నిజాం కాలంలో జవాబు సులువు. 1910లో హైదరాబాదులో మొదలైన విద్యుత్ శాఖ సర్కారుది, వెలుగు ప్రధానంగా నగరానిది. 1940లలో కేంద్రంలో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ విద్యుత్తును దేశ పారిశ్రామికీకరణకు పునాదిగా భావించి విధానానికి రూపం ఇచ్చారు. 1948 చట్టం రాష్ట్రాలకు బోర్డులు పెట్టుకొమ్మంది. ఆ దారిలోనే 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు పుట్టింది. కేంద్రాలు కట్టేదీ, తీగలు లాగేదీ, ధర కట్టేదీ, ఫిర్యాదు వినేదీ అదే. ఆ కాలానికి అది సరిపోయింది కూడా. కొత్తగూడెం పొగగొట్టాలు లేచాయి, 1983లో రామగుండంలో కేంద్ర సంస్థ ఎన్టీపీసీ తొలి యూనిట్ వెలిగింది, నార్ల తాతారావు వంటి ఛైర్మన్ల హయాంలో బోర్డుకు దేశంలో పేరొచ్చింది. ఊరూరికీ స్తంభాలు పాతిన ఘనత ఆ ఇంజినీర్లదీ, లైన్‌మన్లదీ. దాన్ని తక్కువ చేయలేం.

అయితే 1982లో బోర్డు వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క మానేసి, హార్స్‌పవర్‌ను బట్టి స్లాబు రేటు పెట్టింది. రైతుకు అది ఊరట. బోర్డుకు మాత్రం తనకే తెలియని చీకటి మూల ఏర్పడింది. దొంగతనమైనా, లైను నష్టమైనా, ఎక్కడా తేలని యూనిట్లన్నీ వ్యవసాయం పద్దులోకి పోయాయి. తర్వాత లెక్కలు తిరగేస్తే అసలు నష్టాలు అప్పటిదాకా చెప్పినదానికంటే చాలా ఎక్కువని బయటపడింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. సంస్కరణ అవసరం అక్కడే పుట్టింది, ప్రపంచబ్యాంకు గడపలో కాదు.

1998 సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కోగా చీలింది. 2000లో నాలుగు పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏర్పడి, ఉత్తర తెలంగాణకు వరంగల్ కేంద్రంగా ఎన్పీడీసీఎల్ వచ్చింది. ధర కట్టే పని కొత్త నియంత్రణ కమిషన్‌కు పోయింది. ఆ ఏడు ఛార్జీలు పెరిగాయి. ఆ పెంపును నిరసిస్తూ కదిలిన జనం మీద ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న రైతులకు ఉచిత విద్యుత్ ఫైలు మీద వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం పెట్టడం వెనుక ఆ నెత్తుటి జ్ఞాపకమూ ఉంది.

ఈ రాజకీయాల హోరులో మరుగున పడిన మేలు ఒకటుంది: బహిరంగ విచారణ. డిస్కం తన ఖర్చుల చిట్టా బయటపెట్టాలి. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, నిలబడి చెప్పొచ్చు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్లకు మార్చారని పంచెకట్టు రైతు అడిగితే, ఇంజినీరు కమిషన్ ముందే జవాబు చెప్పాలి. బోర్డు కాలంలో ఇది ఊహకందని సంగతి. 2003 కేంద్ర చట్టం దీన్ని దేశమంతటికీ చేర్చింది. సబ్సిడీ ఇవ్వదలిస్తే ప్రభుత్వం ఆ సొమ్మును ముందే కట్టాలని కూడా అదే చెప్పింది. చట్టం చెప్పింది సరే, కట్టిందెంత అన్నది డిస్కంల అప్పులే చెబుతాయి.

తెలంగాణ వచ్చాక 2018 జనవరి 1 నుంచి రైతుకు ఇరవైనాలుగు గంటల ఉచిత సరఫరా మొదలైంది. రాత్రి కరెంటు కోసం చేలల్లో జాగారాలు పోయాయి. అంతకు ముందు కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరిగేలా ఆటో స్టార్టర్లు బిగించుకునేవారు. వాటివల్ల ఫీడరు కింది మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేవి. వాటిని తీయించడానికి సర్కారు ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. సరఫరా ఇలా మెరుగైతే పాలన వెనకడుగు వేసింది. 2018–19 తర్వాత రిటైల్ టారిఫ్ ఉత్తర్వు మళ్లీ వచ్చింది 2022 మార్చిలోనే. ఏటా జరగాల్సిన లెక్కల విచారణ మూడేళ్లు లేకపోవడం చిన్న లోపం కాదు.

ఈలోగా కరెంటు స్వభావమే మారింది. బొగ్గు కేంద్రానికి నీరిచ్చే రామగుండం జలాశయం మీదే 2022లో 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం పూర్తయింది. ఇళ్ల డాబాల మీది సౌర పలకలు గ్రిడ్‌కే తిరిగి కరెంటు పోస్తున్నాయి. ఎండ వేళ చౌక, సాయంత్రం ప్రియం అయ్యేలా ధర ఉండాలని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది, వ్యవసాయాన్ని మాత్రం మినహాయించింది. బిల్లే లేని రైతుకు ధరతో పని చెప్పలేం కనుక, ఎండ వేళ నీళ్లు పారించుకునేలా వ్యవసాయ ఫీడర్లను వేరుచేసి, వాటికి మీటర్లు పెట్టి, సబ్సిడీ ఎంతో బహిరంగంగా లెక్క తేల్చడమే మార్గం. రైతు జేబు ముట్టకుండానే ఇది చేయొచ్చు.

దానికి కమిషన్ కుర్చీలు ఖాళీగా ఉండకూడదు, డిస్కం పద్దులు ఆలస్యం కాకూడదు. మన వంతు కూడా ఉంది. విచారణ నోటీసు పేపర్లో పడినప్పుడు మడికొండ రైతూ, మరమగ్గాల యజమానీ, డాబా మీద పలకలు పెట్టుకున్న ఇంటాయనా తలో అభ్యంతర పత్రం పంపాలి. దానికి వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసినా చాలు.