మంద్రం మోగాలంటే

1965లో లండన్ స్టూడియోలో 'ద హూ' బృందం 'మై జనరేషన్' పాట రికార్డు చేస్తోంది. పాట మధ్యలో బేస్ గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్క ఒకటుంది. అప్పటి రాక్ పాటల్లో అది అరుదు. బేసిస్టు జాన్ ఎంట్‌విజిల్ ఆ ముక్క కోసం డానెలెక్ట్రో అనే అమెరికన్ వాయిద్యం తెచ్చుకున్నాడు. దాని తీగలు సన్నవి, గంట కొట్టినట్టు ఖంగుమంటాయి. వాయిస్తుంటే ఒక తీగ తెగింది. అలాంటి తీగలు లండన్ దుకాణాల్లో విడిగా దొరకలేదు. చేసేది లేక తీగ కోసం మరో గిటారే కొన్నాడు. దాని తీగా తెగింది. ఇంకోటి కొన్నాడు, అదీ అంతే అయింది. చివరికి ఫెండర్ జాజ్ బేస్ పట్టుకుని ఆ ముక్క పూర్తి చేశాడు.

ఎంట్‌విజిల్ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న ఉదంతమిది. కొత్తగా బేస్ నేర్చుకునేవారు ముందుగా అడిగేది "ఏ కంపెనీది కొనాలి, ఎన్ని వాట్ల యాంప్ కావాలి?" అని. తీగల సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. బేస్ గిటార్ చరిత్ర మాత్రం ఈ వరస తలకిందులని చెబుతుంది. ఏ గదిలో, ఎవరి పక్కన, ఏ తీగతో వాయించాలన్న చిక్కుల్లోంచే ఈ సరంజామా అంతా పుట్టింది.

అసలు చిక్కు భౌతికశాస్త్రంలోనే ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు 8 మీటర్ల పైచిలుకు. అంటే చాలా ఇళ్లలో హాలుకన్నా తరంగమే పెద్దది. గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చి ఒకచోట రెట్టింపవుతుంది, నాలుగడుగులు జరిగితే మాయమవుతుంది. అందుకే యాంప్ పక్కన నిలబడ్డ వాయిద్యకారుడికి ఒకటి వినిపిస్తే వెనక వరసలో కూర్చున్నవారికి మరొకటి వినిపిస్తుంది. పైగా ఇంత కింది శ్రుతిని గట్టిగా వినిపించాలంటే స్పీకర్ చాలా గాలిని కదిలించాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి.

పెగ్గులో దాచిన మైకు

బేస్ గిటార్ రాకముందు బృందంలో మంద్రస్వరం పలికించింది మనిషంత ఎత్తు డబుల్ బేస్. నిలబెట్టి వాయించాలి, ఊరూరా తిప్పాలంటే కారు కప్పు మీద కట్టాలి. డ్రమ్ములూ బూరలూ మోగే డ్యాన్సు హాల్లో దాని గొంతు ఎవరికీ చేరేది కాదు. ఎవరెట్ హల్ అనే బేసిస్టు 1940లలో దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. డబుల్ బేస్ నేల మీద ఆనే ఊతకర్రను పెగ్ అంటారు. హల్ ఆ పెగ్ పైకొసన, వాయిద్యం పొట్టలోపల, మైకు అమర్చాడు. యాంప్లిఫై చేసిన పెగ్ కాబట్టి దానికి ఆంపెగ్ అని పేరొచ్చింది. కంపెనీకీ అదే పేరు నిలిచింది.

వాయిద్యాన్నే మార్చేయాలన్న ఆలోచనా పాతదే. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930ల మధ్యలోనే ఒళ్లో అడ్డంగా పట్టుకుని వాయించే, ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఉన్న విద్యుత్ బేస్ తయారుచేసి ఆడియోవాక్స్ పేరుతో అమ్మాడు. కొన్నవాళ్లు కొద్దిమందే. ప్రపంచం విద్యుత్ బేస్‌ను అందుకున్నది 1951లో, కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో రిపేరు దుకాణంతో బతుకు మొదలుపెట్టిన లియో ఫెండర్ చేతి మీదుగా.

ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్లు చెప్పే కష్టాలు ఓపిగ్గా వినడం వచ్చు. గిటారిస్టులు కూడా తేలిగ్గా పట్టుకునేలా గట్టి చెక్కతో, 34 అంగుళాల తీగ పొడవుతో, మెడ మీద ఫ్రెట్లతో కొత్త వాయిద్యం చేశాడు. డబుల్ బేస్‌లో వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. ఇక్కడ ఫ్రెట్ పక్కన నొక్కితే చాలు, స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఆ కచ్చితత్వాన్నే పేరుగా పెట్టి ప్రెసిషన్ బేస్ అన్నాడు. లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో మాంక్ మాంట్‌గోమరీ దాన్ని వేదికలెక్కించాడు. 1957లో ఫెండర్ దాని పికప్‌ను, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాన్ని, రెండు ముక్కలు చేసి, ఒకదాని హమ్‌ను మరొకటి రద్దు చేసేలా అమర్చాడు. ఈనాటికీ ప్రెసిషన్ బేస్‌లు అలాగే తయారవుతున్నాయి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు మెడ సన్నం, పికప్‌లు రెండు. దానిలో స్వరం ఇంకా స్పష్టంగా తెగి పలుకుతుంది. అయితే రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ సమానంగా లేకపోతే హమ్ తొంగిచూస్తుంది. ట్యూబులైట్లూ డిమ్మర్లూ నిండిన వేదికపై వాయించేవారు కొనేముందు దీన్ని చెవులారా విని చూడటం మంచిది.

కొత్త వాయిద్యానికి తోడుగా ఫెండరే 1952లో బాస్‌మన్ యాంప్ తెచ్చాడు. దాని కథ మలుపులు తిరిగింది. మొదట 15 అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉండేది, కొన్నేళ్లకు 10 అంగుళాలవి నాలుగు పెట్టారు. వాల్యూమ్ పెంచితే బేస్ స్వరం చిట్లిపోయేది. అదే చిట్లడం గిటారిస్టులకు అమృతంలా తోచి యాంప్‌ను వాళ్లు సొంతం చేసుకున్నారు. లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం 1960ల మొదట్లో తయారుచేసిన తొలి యాంప్‌కు నమూనా ఈ బాస్‌మన్ సర్క్యూటే. బేస్ కోసం పుట్టిన పెట్టె రాక్ గిటార్ గొంతైంది. బేసిస్టుల బాధ మాత్రం తీరలేదు.

తీర్చే పని ఆంపెగ్ అందుకుంది. హల్‌కు రాక్ సంగీతమన్నా, చిట్లే స్వరమన్నా గిట్టదు. శుభ్రంగా, గుండ్రంగా మోగే యాంప్ కావాలి. అతని కంపెనీలో జెస్ ఆలివర్ రూపొందించిన బి-15 పోర్టాఫ్లెక్స్ 1960లో వచ్చింది. 15 అంగుళాల స్పీకర్ ఒకటి, శక్తి సుమారు 25 వాట్లు. పని అయ్యాక పైనున్న వాల్వుల చట్రాన్ని తిరగేసి స్పీకర్ పెట్టెలోకే దించి మూసేయొచ్చు. కచేరీ నుంచి కచేరీకి సామాను మోసుకుంటూ తిరిగినవారికి ఆ మూత విలువ తెలుస్తుంది. 25 వాట్లతో పెద్ద హాలు నిండదు, స్టూడియో గదికి మాత్రం పుష్కలం. అమెరికా స్టూడియోల్లో బి-15 ఇంటి సామానులా స్థిరపడిపోయింది.

డెట్రాయిట్ ఇరుకు గది

స్టూడియోకు యాంప్ కూడా అక్కర్లేదని తేల్చినవారు డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ ఇంజినీర్లు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఓ మామూలు ఇల్లు, అందులోని ఇరుకు గదే స్టూడియో ఎ. పదిమంది దాకా కలిసి వాయించే ఆ గదిలో ఒకరి యాంప్ మోత ఇంకొకరి మైకులోకి దూరిపోయేది. అందుకని గిటార్లనూ బేస్‌నూ నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే కలిపేశారు. ఈ పద్ధతినే ఇప్పుడు డీఐ అంటారు. పికప్ నుంచి వచ్చే బలహీనమైన, అధిక ఇంపెడెన్స్ సిగ్నల్‌ను తక్కువ ఇంపెడెన్స్‌కు మార్చే చిన్న పెట్టెను దీనికి వాడతారు. అది ఉంటే పొడుగు కేబుల్ వేసినా హమ్ పెద్దగా చేరదు.

ఆ గదిలో స్టూలు మీద కూర్చున్నది జేమ్స్ జేమర్సన్. ఆయన చేతిలోది 1962 నాటి ప్రెసిషన్ బేస్. లాబెల్లా కంపెనీవి లావైన, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి దగ్గర ఫోమ్ ముక్క నొక్కి ఉండటంతో స్వరం చప్పున ఆగేది. కుడిచేతిలో పనిచేసింది చూపుడువేలు ఒక్కటే. ఆ ఒక్క వేలితోనే 1960లలో డజన్లకొద్దీ హిట్ పాటల అడుగుస్వరం వాయించాడు. మోటౌన్ రికార్డుల మీద వాద్యకారుల పేర్లు వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ అట్టమీద ఆ పేర్లు అచ్చయ్యేనాటికి ప్రపంచం ఆయన బేస్‌ను దశాబ్దం పాటు పేరు తెలియకుండానే వినేసింది. ఎంత పెద్ద అన్యాయమది! ఆ సౌండ్ కావాలని నేడు లక్షలు పోసి పాతకాలపు బేస్‌లు వెతుకుతారు. లాబెల్లా తీగల సెట్టు, ఫోమ్ ముక్క కలిపితే మామూలు ప్రెసిషన్ మీద దానికి చాలా దగ్గరకు వెళ్లొచ్చు.

జేమర్సన్ మార్గానికి పూర్తిగా ఎదురు దిక్కున వెళ్లినవాడు ఎంట్‌విజిల్. తీగల కోసం గిటార్లు కొన్న ఆ మనిషి 1966లో ఇంగ్లండులోని రోటోసౌండ్ వారితో కూర్చుని రౌండ్‌వౌండ్ తీగలను తీర్చిదిద్దించాడు. గుండ్రటి తీగ చుట్టిన వాటి మీద స్వరం పియానోలా తళతళలాడుతుంది, గిటార్ల మధ్య కూడా తెగి వినిపిస్తుంది. ఆ గరుకుదనానికి ధర ఉంది, అవి ఫ్రెట్లనూ మెడ చెక్కనూ అరగదీస్తాయి. 1970లలో ఫ్లోరిడా కుర్రాడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన తన 1962 జాజ్ బేస్‌కు గాళ్లు పూడ్చి, రోటోసౌండ్ తీగలే వేశాడు. ఆ తీగలు మెడను కోసేయకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూత వేశాడు. ఆ గట్టి పూత మీద స్వరం సాగుతూ పాడటం మొదలుపెట్టింది. 1976లో వచ్చిన అతని తొలి ఆల్బమ్ విన్న బేసిస్టులు ఎంతమంది తమ వాయిద్యాల ఫ్రెట్లు పీకారో లెక్కలేదు.

బీటిల్స్ మెకార్ట్‌నీ ఎంపిక వెనక కారణాలు ఇంకా సాదాసీదావి. 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్ ధర సుమారు 30 పౌండ్లు. ఫెండర్ కొనే డబ్బు లేదు. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించని వయొలిన్ ఆకారం నచ్చింది. బోలు వాయిద్యం గనక గంటలకొద్దీ మెడలో వేలాడినా భుజం నొప్పెట్టదు. 1966లో 'పేపర్‌బ్యాక్ రైటర్' రికార్డింగుకు మాత్రం రికెన్‌బాకర్ తీసుకున్నాడు. ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ ఆ బేస్ యాంప్ ముందు మామూలు మైకుకు బదులు ఒక పెద్ద లౌడ్‌స్పీకర్‌ను పెట్టి, దాన్నే మైకుగా వాడాడు. గ్రామఫోన్ సూది ఎగిరిపోతుందన్న భయంతో బేస్‌ను అణచిపెట్టే రోజుల్లో అంత నిండుగా బేస్ నమోదు చేయడం సాహసమే.

వేదికలు ఇంకా పెరిగాయి. స్టేడియంలలో పాటకు తప్ప బేస్‌కు సరైన పీఏ (సభ మొత్తానికీ వినిపించే స్పీకర్ల వ్యవస్థ) లేని కాలం అది. వేదిక మీది యాంపే ఆఖరి వరస దాకా వినిపించాలి. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ తెచ్చింది. 300 వాట్లు, 14 వాల్వులు, దాని కింద 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న మూసిన పెట్టె. ఒక పెట్టె చాలదు, రెండు ఉండాలి. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో ఈ యాంప్‌లు పరీక్షకు నిలిచాయి. బేసిస్టులు ఆ పెట్టెను ఫ్రిజ్ అంటారు. బరువు 60 కిలోల పైనే. ఇద్దరు లేకపోతే మెట్లెక్కదు.

ఇప్పుడా బరువు మోయనక్కర్లేదు. క్లాస్ డి సర్క్యూట్లతో 2, 3 కిలోల యాంప్ 500 వాట్లు ఇస్తోంది. నియోడిమియం అయస్కాంతాలతో స్పీకర్లూ తేలికయ్యాయి. అయితే స్పీకర్ పెట్టెల విద్యుత్ నిరోధాన్ని కొలిచే ఓమ్‌ల లెక్క మాత్రం మారలేదు. 8 ఓమ్‌ల పెట్టెలు రెండు కలిపితే యాంప్‌కు కనబడేది 4 ఓమ్‌లు. యాంప్ వెనక రాసి ఉన్న కనీస సంఖ్యకన్నా కిందికి దిగితే యాంప్ కాలిపోవచ్చు. వాల్వు యాంప్‌నైతే స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయనే కూడదు. డబ్బు పరిమితంగా ఉంటే వాట్లు పెంచేకన్నా స్పీకర్లు పెంచడం మేలు.

మన చెవులకు ఈ కథలో సొంత వాటా ఉంది. ఇళయరాజా 'గీతాంజలి' (1989) పాటలను ఫోన్ స్పీకర్లో కాక మంచి హెడ్‌ఫోన్లలో వింటే, పాటకు ఎదురు నడుస్తూ, ఒక్కోచోట తానే రాగం పట్టుకునే బేస్ వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్‌లను పలకలేదు. పై అనుస్వరాలు ఉంటే మెదడే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అందుకే రికార్డింగులో బేస్‌కు కొంచెం గరుకుదనం కలుపుతారు. మోటౌన్ వారు కూడా కారు రేడియో స్పీకర్ పెట్టుకుని మిక్స్ సరిచూసుకునేవారు.

పెళ్లి రిసెప్షన్లోనో కాలేజీ ఫెస్టులోనో వాయించే బేసిస్టుకు ఇవాళ డీఐ నుంచి ఒక కేబుల్ మిక్సర్‌కు వెళ్తుంది. వెనక పెట్టుకున్న చిన్న యాంప్ తనకూ డ్రమ్మరుకూ వినబడితే చాలు. స్టూడియోలోనైతే శుభ్రమైన డీఐ ట్రాకు రికార్డు చేసి పెట్టుకుని, మిక్సింగ్ రోజున దాన్ని బి-15 లాంటి యాంప్‌కు పంపి మళ్లీ మైకుతో పట్టుకుంటారు. యాంప్ ఏదన్న నిర్ణయం అలా చివరిదాకా వాయిదా వేయొచ్చు. తీగ ఫ్రెట్‌కు తగిలి జరజరలాడినా, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పినా ఆ లోపం మాత్రం డీఐ ట్రాకులోనే ఉండిపోతుంది. రికార్డింగుకు వారం ముందే తీగలు మార్పించి, మెడ వంపూ తీగల ఎత్తూ సరిచేయించుకుంటే, ఆ కొత్త తీగలు సాగి స్థిరపడటానికీ సమయం దొరుకుతుంది.