బీడీ కట్ట తెమ్మని పంపింది ఎవరు?

ఈ మధ్య రచ్చకట్ట మీద కూర్చుంటే ఒకటే మాట: "పిల్లోళ్ళు చెడిపోయినారు, ఇంటర్ దాటకముందే సిగరెట్టు" అని. సరే, ఈ పొగ మన ఇండ్లలోకి ఎట్లొచ్చిందో కొంచెం వెనక్కి పోయి చూద్దాం.

పొగాకు మన దేశంలో పుట్టిన పంట కాదు. నాలుగు వందల ఏండ్ల కిందట పోర్చుగీసోళ్ళు ఓడల్లో తెచ్చినారు. 1617లోనే జహంగీర్ పాదుషా పొగ తాగొద్దని హుకుం ఇచ్చినాడు. జనం మానలేదు. 1897లో అచ్చయిన గురజాడ కన్యాశుల్కంలో గిరీశం, చదువు చెప్తానని చేరి వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతాడు. తల్లేమో కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని మురిసిపోతుంది.

ఇంగ మా చిన్నతనంలో మన గోనెగండ్ల దిక్కు పల్లెల్లో ఎట్లుండేది? నాయన సేను నుంచి వస్తానే "రేయ్, అంగడికి పోయి బీడీ కట్ట, అగ్గిపెట్టె తేపో" అనేటోడు. కొందరు అబ్బలు బీడీ చేతికిచ్చి పొయ్యి కాడ అంటించుకొని రమ్మనేవాళ్ళు. అంటుకోవాలంటే ఒక దమ్ము లాగాల్సిందే కదా! అదే పిల్లోడు గడ్డివామి ఎనక దొరికితే చింతబరికె ఇరిగేదాకా కొట్టేవాళ్ళు. ముప్పై ఏండ్ల కొడుకు కూడా నాయన కనపడితే బీడీ ఎనక్కి దాచేటోడు. పెద్దోళ్ళ ముందర తాగకపోవడమే మర్యాద. దాంతో రొమ్ము చెడుతుందని చెప్పినోళ్ళు తక్కువ.

2003లో చట్టం వచ్చింది. 18 ఏండ్ల లోపు పిల్లోళ్ళకు బీడీ, సిగరెట్టు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపల అసలు అమ్మకూడదు. "మా నాయనకు" అని అడిగినా పిల్లోనికి ఇయ్యకూడదు. 2019లో ఈ-సిగరెట్టు తయారీ, అమ్మకం దేశమంతా నిషేధించినారు. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ కొత్త యంత్రం కొన్నిసార్లు పెన్ను మాదిరి ఉంటుంది. బీడీ కంపు ఉండదు, పండ్ల వాసన వస్తుంది. చాలావాటి లోపల పొగాకులోని నికోటినే ఉంటుంది. మనం సుగ్గికి గుంటూరు దిక్కు పోతే పిల్లోడు అవ్వ కాడో హాస్టల్లోనో ఉంటాడు. ఫోన్ చేసి మార్కులు అడుగుతాం, వెంకటేశం తల్లి ఇంగ్లీషు చూసి మురిసినట్ల.

బరికెతో కొడితే దాచడం నేర్చుకుంటాడు. దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడండి. ముందుగాల, అంగడికి పిల్లోన్ని పంపేది మాని మీ బీడీ కట్ట మీరే తెచ్చుకోండి. అంతకన్నా మేలు, తెచ్చుకోకుండా ఉండడం.